ప్రొజెక్టర్ మోటర్ స్క్రీన్ ఇంట్లో ఎలా బిగించాలి, ముడతలు పడకుండా ఎలా కాపాడుకోవాలి

"కొని ఆరు నెలలు కాలేదు, అప్పుడే అంచులు వంకర పోతున్నాయి." "రిమోట్ నొక్కితే ఓసారి దిగుతుంది, ఓసారి ఉలకదు పలకదు." "ఇంకో అడుగు కిందికి దించడం ఎలా?" మోటర్ స్క్రీన్ వాడేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. మొదటిదానికి జవాబు చాలాసార్లు రసమట్టం దగ్గరే దొరుకుతుంది. రెండోది సాధారణంగా మోటర్ వేడెక్కడమో, రిమోట్ బ్యాటరీయో. మూడోదానికి జవాబు: దించకండి. ఎందుకో లిమిట్ల దగ్గర వివరంగా ఉంది.

ఇక్కడ చెప్పేదంతా సీలింగ్‌కో గోడకో బిగించి, పైనుంచి కిందికి దిగే స్క్రీన్ గురించి. అల్యూమినియం కేసింగ్, అందులో రోలర్, రోలర్ లోపలే మోటర్ ఉండే రకం. బొమ్మ పడే షీటు ఆ రోలర్‌కు చుట్టుకుని ఉంటుంది, షీటు కింది అంచుకు బరువుగా ఒక రాడ్ ఉంటుంది. మీది గోడకు ఆనించి పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ అయితే మాత్రం టాబ్ టెన్షన్ (రెండు పక్కలా తాళ్లు షీటును బిగువుగా పట్టి ఉంచే ఏర్పాటు) లేని మామూలు స్క్రీన్ కొనకండి. దాని కాంతి కింది నుంచి బాగా ఏటవాలుగా పడుతుంది కాబట్టి, కంటికి ఆనని చిన్న అల కూడా బొమ్మలో పాము మెలికలా కనిపిస్తుంది.

బిగించే ముందు నాలుగు కొలతలు

16:9 స్క్రీన్‌కు అంగుళాల సైజును 0.87తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు, రెండూ అంగుళాల్లో వస్తాయి. 100 అంగుళాల స్క్రీన్ అంటే బొమ్మ 221 సెం.మీ. వెడల్పు, 125 సెం.మీ. ఎత్తు. 120 అంగుళాలైతే 266, 149. కేసింగ్ ఇంతకంటే 20 నుంచి 30 సెం.మీ. పొడుగు ఉంటుంది. గోడ మీద చోటు కొలిచేటప్పుడు బొమ్మ వెడల్పు కాదు, కేసింగ్ పొడుగు లెక్కలోకి తీసుకోండి. మోటర్ వైపు వైరు మలుపు తిరగడానికి ఇంకో 5 సెం.మీ. వదలండి.

ప్రొజెక్టర్ దూరం: బొమ్మ వెడల్పును త్రో రేషియోతో (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ ఉండాలో చెప్పే అంకెతో) గుణించండి. త్రో రేషియో 1.5 అయితే 221 × 1.5, అంటే లెన్స్ నుంచి షీటు దాకా సుమారు 3.3 మీటర్లు. కొలవాల్సింది షీటు దాకా, దాని వెనక గోడ దాకా కాదు. స్క్రీన్ గోడకు 15 సెం.మీ. ముందుకు వేలాడుతుంటే ఆ 15 కూడా తీసేయాలి.

చాలామంది తప్పు చేసేది ఎత్తు దగ్గర. సీలింగ్ 300 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. సోఫాలో కూర్చున్నవారికి బొమ్మ కింది అంచు నేలకు 75 సెం.మీ. ఎత్తున ఉంటే హాయిగా ఉంటుంది. బొమ్మ ఎత్తు 125 కాబట్టి పై అంచు 200 దగ్గరకు వస్తుంది. పైన ఇంకా 100 సెం.మీ. మిగిలింది. అందులో కేసింగ్ 10 పోయినా, బొమ్మకు పైన 90 సెం.మీ. నల్ల షీటు కావాలన్నమాట. మీరు కొనే మోడల్‌లో నల్ల భాగం 30 సెం.మీ. మాత్రమే ఉంటే మిగతా 60 ఎక్కడినుంచి వస్తుంది? కేసింగ్‌నే కిందికి దించి రాడ్లతోనో గోడ బ్రాకెట్లతోనో కట్టాలి, లేదా నల్ల భాగం ఎక్కువున్న మోడల్ తీసుకోవాలి. ఈ లెక్క కొనకముందే వేసుకోండి.

కావలసినవి

- ఇద్దరు మనుషులు. 120 అంగుళాలు దాటితే ముగ్గురు
- ఒకే ఎత్తున్న రెండు నిచ్చెనలు
- హ్యామర్ డ్రిల్, 8 లేదా 10 మి.మీ. బిట్
- శ్లాబుకైతే యాంకర్ ఫాస్టనర్లు, ఇటుక గోడకైతే మంచి రకం ప్లగ్గులు, స్క్రూలు
- పొడుగాటి రసమట్టం, లేదా మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు
- టేపు, పెన్సిలు, సన్న స్క్రూడ్రైవర్, అల్లెన్ కీల సెట్టు
- టెస్టర్ లేదా మల్టీమీటర్
- శుభ్రమైన నూలు చేతి తొడుగులు
- రేకు ముక్కలు లేదా వాషర్లు, బ్రాకెట్ దగ్గర ఎత్తు సర్దడానికి

చిన్న రసమట్టంతో సరిపెట్టుకోవద్దు. 20 సెం.మీ. పొడవు మీద ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి తెలియదు. అదే తేడా 240 సెం.మీ. కేసింగ్ చివరికి వెళ్లేసరికి 12 మి.మీ. అవుతుంది. నీళ్ల ట్యూబులో ఈ బాధ లేదు. నీళ్లలో గాలి బుడగలు లేకుండా చూసుకుంటే చాలు.

బిగించడం, ఒక్కో మెట్టూ

1. అట్టపెట్టె విప్పడం. కేసింగ్‌ను ఎప్పుడూ అడ్డంగానే పట్టుకోండి. నిలువుగా నిలబెడితే లోపల చుట్ట ఒక పక్కకు జారుతుంది. మోటర్ ఏ పక్కనుందో, వైరు ఎటు వస్తుందో చూడండి. కింది రాడ్ కదలకుండా ప్యాకింగ్‌లో వేసిన టేపులు, పట్టీలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టి పెట్టుకోండి. ఇప్పుడే తీయవద్దు, పైకి ఎక్కించాక తీయాలి. నేల మీద ఉండగా కరెంటు ఇచ్చి "పనిచేస్తోందా" అని చూడకండి. షీటు రాడ్ బరువుతో వేలాడుతూ విప్పుకోవాలి. నేల మీద ఆ లాగుడు ఉండదు కాబట్టి కేసింగ్ లోపలే మడతలు పడి ఇరుక్కుంటుంది.

2. చోటు. షీటు దిగే దారిలో స్విచ్ బోర్డు, తలుపు రెక్క, టీవీ ఏదీ తగలకూడదు. టీవీ ముందు దిగేట్టయితే రాడ్‌కీ టీవీకీ మధ్య కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ గాలి గానీ ఏసీ గాలి గానీ నేరుగా షీటుకు తగిలితే సినిమా నడుస్తున్నంతసేపూ బొమ్మ ఊగుతుంది. ఏసీ రెక్కల దిశ మార్చి కుదరకపోతే స్క్రీన్ చోటే మార్చండి.

3. గుర్తులు పెట్టడం. సీలింగ్ నుంచో నేల నుంచో కొలిచి గుర్తు పెట్టవద్దు. అవి రెండూ సమంగా ఉంటాయన్న నమ్మకం లేదు. గోడ మీద ఒక చివర గుర్తు పెట్టి, నీళ్ల ట్యూబుతో రెండో చివరకు ఆ ఎత్తును తీసుకెళ్లండి. బ్రాకెట్లు జరిపే వీలుంటే, ఒక్కోటి కేసింగ్ చివరనుంచి పొడుగులో ఐదో వంతు లోపలికి రానివ్వండి. 250 సెం.మీ. కేసింగ్‌కు అది 50 సెం.మీ. మరీ చివర్లకు పెడితే కేసింగ్ నడుము కిందికి వంగుతుంది.

4. కన్నాలు. శ్లాబులో ఫాస్టనర్‌కు ఎంత లోతు కావాలో దాని పెట్టె మీద ఉంటుంది. బిట్‌కు ఆ లోతు దగ్గర టేపు చుట్టుకోండి. కన్నం లోపలి పొడి ఊది పారేయండి. పొడి ఉంటే ప్లగ్గు పట్టు కుదరదు. ఇటుకల మధ్య సిమెంటు కీలులో కన్నం పడితే కాస్త పక్కకు జరపండి. జిప్సం ఫాల్స్ సీలింగ్‌కు స్క్రీన్ వేలాడదీయకండి. దాన్ని దాటి అసలు శ్లాబుకు మరరాడ్లు దింపి, వాటికి కట్టాలి. గోడలో కరెంటు పైపు ఎటు పోతోందో స్విచ్ బోర్డు చూసి అంచనా వేసుకోండి.

5. ఎక్కించడం. బ్రాకెట్లు బిగించి, ముందు వాటిని చేత్తో గట్టిగా కిందికి లాగి చూడండి. కదిలాయా, మళ్లీ వేయండి. తర్వాత ఇద్దరూ ఒకేసారి కేసింగ్ ఎత్తి తగిలించి లాక్ స్క్రూ బిగించండి. కంపెనీ ఇచ్చిన స్క్రూనే వాడండి. కేసింగ్‌కు సొంతంగా కన్నం వేయడం, పొడుగు స్క్రూ ఎక్కించడం రెండూ ప్రమాదమే. మొన లోపలి చుట్టకు తగిలితే, షీటు దిగిన ప్రతిసారీ ఒకేచోట నిలువు గీత పడుతూ పోతుంది. ఆ గీతకు మందు లేదు.

6. మట్టం. ఇక్కడ తొందరపడకండి. ఒక పక్క రెండు మూడు మిల్లీమీటర్లు దిగినా రోలర్ మీద షీటు సరిగ్గా ఒకదానిమీద ఒకటి చుట్టుకోదు. ఒక్కో చుట్టూ ఇంచుక పక్కకు జరిగి, కొన్నాళ్లకు అంచు కేసింగ్ చివరి మూతకు రాసుకుంటుంది. నల్ల అంచు నలిగి పీచు లేవడం అలా మొదలవుతుంది. బ్రాకెట్ దగ్గర రేకు ముక్కలు పెట్టి రెండు పక్కలా ఎత్తు సమం చేయండి. నీళ్ల ట్యూబుతో రెండు చివర్లా, రసమట్టంతో నడుము దగ్గరా చూసి మట్టం కుదిరాకే తర్వాతి మెట్టు.

7. కరెంటు. ప్లగ్గుతో, రిమోట్ రిసీవర్‌తో వచ్చే రకమైతే ఎర్త్ ఉన్న సాకెట్ మోటర్ పక్కన పెట్టించండి. కేసింగ్ లోహం కాబట్టి ఎర్త్ తప్పదు. నాలుగు తీగల మోటరైతే న్యూట్రల్, ఎర్త్, పైకి, కిందికి అని ఉంటాయి. రంగులు చూసి ఊహించకుండా లేబుల్ చూడండి. పైకి, కిందికి తీగలు రెండింటికీ ఒకేసారి కరెంటు వెళ్తే మోటర్ గుయ్‌మంటూ కాలిపోతుంది. అందుకే రెండు మామూలు స్విచ్‌లు పెట్టకూడదు. ఒకటి నొక్కితే రెండోది పడని జంట స్విచ్ కావాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, ఎంసీబీ ఆపే చేయించండి.

8. మొదటి దిగుడు. ప్యాకింగ్ టేపులన్నీ తీశారా? ఇందాక లెక్కపెట్టిన సంఖ్య సరిపోయిందా? ఒక్క టేపు మిగిలినా ఒక పక్క రాడ్ ఆగి, రెండో పక్క దిగి, షీటు అడ్డంగా చిరుగుతుంది. వేలు ఆపు బటన్ మీదే ఉంచి 30 సెం.మీ. దించి ఆపండి. కేసింగ్ నుంచి రాడ్‌కు రెండు చివర్లా దూరం కొలవండి. సమంగా ఉంటేనే మిగతాది దించండి. పూర్తిగా దించాక ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయండి. గోదాములో చుట్టలో ఉన్నప్పటి ముడతలు రాడ్ బరువుకే దిగిపోతాయి. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయ్యర్ దగ్గరకు తేవద్దు.

లిమిట్లు: ఎక్కడ ఆగాలో మోటర్‌కు నేర్పడం

చాలా స్క్రీన్లు లిమిట్లు సెట్ అయ్యే వస్తాయి. అవసరం లేకపోతే ముట్టుకోకండి.

మోటర్ తలకాయ దగ్గర రెండు చిన్న స్క్రూలో, నొక్కుడు బటన్లో ఉంటాయి. ఒకటి పై హద్దుకు, రెండోది కింది హద్దుకు. కొన్ని మోటర్లకు ఈ పని రిమోట్‌తోనే చేయాలి. ఏది దేనికో మాన్యువల్‌లో చూసుకోండి. మోటర్ ఆగి ఉన్నప్పుడు అర చుట్టు మాత్రమే తిప్పండి, స్క్రీన్‌ను కొంచెం పైకి పంపి మళ్లీ దించి ఎక్కడ ఆగిందో చూడండి. మళ్లీ అర చుట్టు. ఒకేసారి నాలుగైదు చుట్లు తిప్పితే హద్దు దాటాక గానీ తెలియదు.

కింది హద్దు పెంచి షీటును ఇంకా దించాలని చూడకండి. పూర్తిగా దిగినప్పుడు కూడా రోలర్ మీద కనీసం ఒకటిన్నర చుట్టు మిగిలి ఉండాలి. షీటును రోలర్‌కు అంటించింది ఎక్కువగా టేపే. ఆ చుట్ల పట్టు లేకపోతే షీటు బరువు, రాడ్ బరువు అన్నీ ఆ టేపు మీదే పడతాయి. ఊడి మొత్తం కింద పడొచ్చు. ఊడకపోయినా, రోలర్ తిరుగుతూనే ఉంటే షీటు అటువైపు నుంచి తిరగబడి చుట్టుకుంటుంది. "కిందికి నొక్కితే దిగి మళ్లీ పైకి పోతోంది" అనే ఫిర్యాదు వెనకున్నది ఇదే. ఎలా తెలుస్తుంది? టార్చి వేసి కేసింగ్ సందులోంచి చూడండి. రోలర్ లోహం కనిపించిందంటే అప్పటికే హద్దు మించింది. హద్దు తగ్గించడానికి మాత్రం అభ్యంతరం లేదు.

పై హద్దు: రాడ్ కేసింగ్‌ను ఢీకొట్టకుండా, రెండు మూడు మి.మీ. ముందే ఆగాలి. చప్పుడు వచ్చేలా తగిలితే మోటర్ ప్రతిసారీ గింజుకుంటుంది, రాడ్ చివరి మూతలు పగులుతాయి. రాడ్ వేలెడంత బయటికి కనిపిస్తే అందం తక్కువేమో గానీ నష్టం లేదు.

ఈ పని మధ్యలో మోటర్ ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడకండి. ట్యూబ్ మోటర్లు ఏకబిగిన సుమారు 4 నిమిషాలు తిరగడానికే తయారవుతాయి. ఆ తర్వాత వేడికి లోపలి రక్షణ స్విచ్ ఆపేస్తుంది. లిమిట్ సెట్ చేస్తూ పదిసార్లు ఎక్కించి దించితే ఆ 4 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. 20 నిమిషాలు వదిలేస్తే తానే లేస్తుంది. పాడైందనుకుని మోటర్ విప్పేవాళ్లు ఉన్నారు. విప్పకండి.

ప్రొజెక్టర్‌తో జత కలపడం

ప్రొజెక్టర్ వెనక 12 వోల్ట్ ట్రిగర్ అని ఉంటే, ప్రొజెక్టర్ వేయగానే స్క్రీన్ దానంతటదే దిగేలా చేయొచ్చు. రెంటికీ 3.5 మి.మీ. మోనో జాక్ ఉంటే కేబుల్ గుచ్చడమే పని. స్క్రీన్ వైపు సాకెట్ వేరే రకమైతే దానితో వచ్చిన కేబులే వాడండి. ఆ 12 వోల్ట్‌లు సంకేతం మాత్రమే, మోటర్‌ను నడిపే కరెంటు కాదు, నేరుగా మోటర్‌కు కలపవద్దు. కేబుల్ పెట్టినా దిగకపోతే ముందు ప్రొజెక్టర్ మెనూలో ట్రిగర్ ఆన్ చేశారా చూడండి, చాలావాటిలో ఆపేసి ఉంటుంది. అయినా దిగకపోతే మల్టీమీటర్‌తో ప్రొజెక్టర్ జాక్ దగ్గర కొలవండి. 12 వోల్ట్‌లు వస్తుంటే లోపం కేబుల్‌లోనో స్క్రీన్ వైపో, రాకపోతే ప్రొజెక్టర్ వైపు.

ట్రిగర్ లేని ప్రొజెక్టర్లకు యూఎస్‌బీ పోర్టు నుంచి సంకేతం తీసుకునే రిసీవర్లు ఉన్నాయి. ప్రొజెక్టర్ ఆపాక కూడా ఆ పోర్టులో కరెంటు ఉంటోందేమో ముందు చూసుకోండి. ఉంటే స్క్రీన్ ఎప్పటికీ పైకి పోదు.

అంతా కుదిరిందా? ఇలా చూడండి

- ప్రొజెక్టర్‌ను అరగంట నడిపి వేడెక్కనివ్వండి. ఫోకస్ ఆ తర్వాతే.
- కీస్టోన్ (వంకరగా పడిన బొమ్మ ఆకారాన్ని ప్రొజెక్టరే సరిచేసే సెట్టింగ్) పూర్తిగా ఆపేసి గళ్ల బొమ్మ వేయండి. నాలుగు అంచులూ స్క్రీన్‌తో కలవకపోతే ప్రొజెక్టర్‌ను జరపండి. కీస్టోన్‌తో సర్దితే బొమ్మ స్పష్టత తగ్గుతుంది. గీతలు అంచు దగ్గర నిటారుగా ఉండి మధ్యలో వంగితే తప్పు షీటులో ఉన్నట్టు.
- బొమ్మ నల్ల అంచు మీదికి అర సెం.మీ. దాకా పోనివ్వండి. ఆ నలుపు దాన్ని మింగేస్తుంది.
- స్క్రీన్ సగం దించి ఆపి, కింద నుంచి చూస్తూ షీటు అంచు ఎక్కడుందో కేసింగ్ లోపలి అంచు మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. కాస్త విరామాలిస్తూ పదిసార్లు ఎక్కించి దించాక అదే ఎత్తులో ఆపి చూడండి. షీటు గీతను దాటి జరిగిందంటే 6వ మెట్టుకు వెనక్కి వెళ్లాలి. నెలకోసారి ఈ గీత చూస్తే చాలు, మట్టం సంగతి ముందే తెలిసిపోతుంది.

టాబ్ టెన్షన్ ఉంటే

రెండు పక్కలా నిలువు తాడు, దాన్ని షీటుకు పట్టి ఉంచే పట్టీలు కనిపిస్తాయి. తాడు బిగువు సర్దే స్క్రూలు ఎక్కువగా రాడ్ రెండు చివర్లా ఉంటాయి. ఒక పక్క అంచు వదులుగా అలలు తిరుగుతుంటే ఆ పక్క స్క్రూను పావు చుట్టు బిగించి, ఒకసారి ఎక్కించి దించి చూడండి. ఎక్కువ బిగిస్తే తాడు షీటును బయటికి లాగి, మూలల నుంచి కొత్త ముడతలు పుడతాయి. రెండు పక్కలా సమానంగా బిగించాలనే నియమం లేదు. చదునుగా వచ్చిందా లేదా అన్నదే లెక్క.

టాబ్ టెన్షన్ లేని పీవీసీ షీటుకు అంచులు కొద్దిగా ముడుచుకోవడం, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో అలలు రావడం ఏదో ఒక రోజు తప్పదు. ఫైబర్‌గ్లాస్ వెన్ను ఉన్న షీటు ఎక్కువ కాలం చదునుగా నిలుస్తుంది.

రోజువారీ జాగ్రత్తలు

వాడనప్పుడు పైకి చుట్టి ఉంచండి, దుమ్మూ ఎండా తగలవు. అలాగని నెలల తరబడి చుట్టే ఉంచితే షీటు ఆ వంపునే నేర్చుకుంటుంది. సినిమా చూడకపోయినా వారానికోసారి దించి ఓ గంట వదలండి. దించినప్పుడు షీటు మీద పురుగులున్నాయేమో చూసి పైకి పంపండి. చుట్టలో నలిగిన చిన్న పురుగు రెండు మూడు చుట్లకు మరక అంటిస్తుంది. తడి షీటును చుట్టకండి, బూజు పడుతుంది. చేత్తో లాగడం, పైకి తోయడం ఎప్పుడూ వద్దు. కరెంటు పోయి దిగే ఉంటే, వచ్చేదాకా దిగే ఉండనివ్వండి.

తుడవడానికి ముందు మెత్తని బ్రష్‌తో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. మామూలు తెల్ల షీటు మీద మరక ఉంటే, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గాఢత లేని సబ్బు కలిపి, గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తుడవండి. గుండ్రంగా రుద్దితే ఆ చోటే మెరుపు తేలి, బొమ్మ పడగానే కనిపిస్తుంది. వేలాడే షీటును ముందునుంచి నొక్కితే గుంట పడుతుంది. అందుకే ఇంకొకరు వెనక మెత్తని గుడ్డ చుట్టిన పలక పట్టుకోవాలి. స్పిరిట్, థిన్నర్, అద్దాలు తుడిచే ద్రవం వద్దు. పరిసర కాంతిని తట్టుకునే ఏఎల్ఆర్ షీటయితే పొడి బ్రష్‌తో ఆపేయండి, దానిపై వేలిముద్రే పోదు. సన్న రంధ్రాలున్న షీటుకు తడి అసలు తగలకూడదు.

ఏం జరిగితే ఏం చూడాలి

- *రిమోట్ పనిచేయదు, గోడ స్విచ్ పనిచేస్తుంది:* బ్యాటరీ మార్చండి. ఆ తర్వాత రిసీవర్ మీది జత చేసే బటన్ నొక్కి మళ్లీ కలపండి.
- *రెండూ పనిచేయవు:* కాసేపటి క్రితం ఎక్కువసార్లు తిప్పారా? 20 నిమిషాలు ఆగండి. లేకపోతే సాకెట్‌లో కరెంటు చూడండి.
- *పైకి నొక్కితే కిందికి పోతోంది:* పైకి, కిందికి తీగలు తారుమారయ్యాయి, ఎలక్ట్రీషియన్ మార్చేస్తాడు. అయితే ముందు టార్చి వేసి, షీటు తిరగబడి చుట్టుకోలేదని ఖాయం చేసుకోండి.
- *గుయ్‌మంటుంది, కదలదు:* వెంటనే ఆపేయండి. రెండు తీగలకూ కరెంటు వెళ్తుండొచ్చు, కెపాసిటర్ పోయి ఉండొచ్చు, రాడ్ ఎక్కడో ఇరుక్కుని ఉండొచ్చు. రాడ్ సంగతి మీరే చూడొచ్చు, మిగతావి మెకానిక్ పని.
- *దిగేటప్పుడు ఒక పక్క నుంచే గీరుతున్న చప్పుడు:* నిచ్చెన ఎక్కి ఆ పక్క పెన్సిలు గీత చూడండి.